6,000 ఆర్‌పీఎం దగ్గర ఆగిపోతున్న పాత సీబీ350: మెయిన్ జెట్ మార్చకముందు చూడాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 1971 హోండా సీబీ350, రెండేళ్లు కదలకుండా నిలబడిపోయిన బండి. ఇప్పుడు స్టార్టింగ్ బాగుంది, ఐడిలింగ్ బాగుంది, 5,500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా చక్కగా లాగుతోంది. 6,000 దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేసినట్టయి, టాప్ గేరులో గంటకు 90 కిలోమీటర్లు దాటడం లేదు. కార్బురేటర్లను క్లీనర్ స్ప్రేతో రెండుసార్లు కడిగారు, రిపేర్ కిట్ వేశారు, ప్లగ్గులు మార్చారు. అయినా తేడా లేదు కాబట్టి మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే, రంధ్రమున్న చిన్న ఇత్తడి ముక్క) పెద్దది వేద్దామనుకుంటున్నారు. ఎన్ని నంబర్లు పెంచాలన్నది మీ ప్రశ్న.

ఒక్క నంబరు కూడా పెంచకండి. మీ బండిలో నా మొదటి అనుమానం కార్బురేటర్ పైమూత కింద ఉండే రబ్బరు డయాఫ్రమ్ మీద. రెండోది వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపే ఇగ్నిషన్ అడ్వాన్సర్ మీద. మూడోది ట్యాంకు నుంచి దిగే పెట్రోలు ధార మీద. ఈ మూడూ బాగున్నాయని స్వయంగా చూసి తేల్చుకున్నాకే జెట్ల సంగతి. ఇంకో మాట, కిట్‌తో వచ్చిన ఇత్తడి జెట్లు, సూదులు వేసి ఉంటే, పాతవి ఇంకా మీ దగ్గరుంటే, వాటిని తిరిగి వేసేయండి. ఎందుకో కింద చెబుతాను.

పేరు చూసి కొందరు పొరపడతారు కాబట్టి చెబుతున్నాను, ఇది 2020లో వచ్చిన హైనెస్ సీబీ350 కాదు. అది ఒకే సిలిండరున్న ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండి. మనం మాట్లాడుకుంటున్నది 1968 నుంచి 1973 దాకా తయారైన ట్విన్, అంటే రెండు సిలిండర్ల బండి. 325 సీసీ, 64 మి.మీ. బోర్, 50.6 మి.మీ. స్ట్రోక్. రెండు సిలిండర్లకు రెండు కీహిన్ కార్బురేటర్లు, రెండు సెట్ల పాయింట్లు (స్పార్క్ పడే క్షణాన్ని తేల్చే చిన్న స్విచ్చులు), రెండు కాయిల్స్ (స్పార్క్‌కు కావాల్సిన అధిక వోల్టేజీ ఇచ్చేవి). హోండా చెప్పిన 36 హార్స్ పవర్ వచ్చేది 10,500 ఆర్‌పీఎం దగ్గర. అంటే మీ బండి దాదాపు సగం బలం దగ్గరే ఆగిపోతోంది. జెట్ ఒకటి రెండు నంబర్లు తప్పితే పైన కాస్త నీరసపడుతుంది, ప్లగ్గు రంగు మారుతుంది. సగానికి సగం బలం పోయిందంటే అది సెట్టింగ్ తేడా కాదు, ఎక్కడో ఒక భాగం తన పని పూర్తిగా మానేసిందన్నమాట. పైగా ఈ బండి ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పుడు అదే జెట్‌తో పైదాకా వెళ్లింది. జెట్ మూసుకుపోవచ్చు గానీ, యాభై ఏళ్లకు అరిగి చిన్నదైపోదు కదా.

స్పానర్ పట్టుకోకముందు రోడ్డు మీద తేల్చాల్సినవి

టాప్ గేరులో 90 దాటట్లేదని రాశారు. రెండో గేరులో ఏమవుతోందో రాయలేదు. నాకు అదే ఎక్కువ కావాలి. ఎందుకంటే పైన బలం లేకపోవడం మూడు రకాలుగా ఉంటుంది. ఒకటి ఆర్‌పీఎం వెంట వచ్చేది, రెండోది థ్రాటిల్ తెరుపు వెంట వచ్చేది, మూడోది కాలం వెంట వచ్చేది. చూడ్డానికి మూడూ ఒకేలా ఉంటాయి, మూలాలు మాత్రం పూర్తిగా వేరు.

ఖాళీగా, సమంగా ఉన్న రోడ్డు మీద రెండో గేరులో వెళ్తూ థ్రాటిల్‌ను చాలా నెమ్మదిగా, కొద్దికొద్దిగా తిప్పండి. అలా మెల్లగా తీసుకెళ్తే 7,000, 8,000 దాటిపోతూ, ఒక్కసారిగా పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే గొంతు పట్టేస్తుంటే, లోపం థ్రాటిల్ వెంట వస్తోంది. అంటే ఇంజనుకు బరువు పడినప్పుడు కావాల్సినంత మిశ్రమం అందట్లేదు. డయాఫ్రమ్, సూది, జెట్లు, ఎయిర్ ఫిల్టర్ ఈ కోవలోకి వస్తాయి.

అలా కాకుండా ఏ గేరులోనైనా, ఎంత మెల్లగా తిప్పినా, చివరికి న్యూట్రల్‌లో కూడా అదే 6,000 దగ్గర గోడకు తగిలినట్టు ఆగిపోతుంటే, లోపం ఆర్‌పీఎం వెంట వస్తోంది. అప్పుడు కార్బురేటర్ వదిలేసి ఇగ్నిషన్ వైపు వెళ్లండి. సైలెన్సర్ మూసుకుపోయినా దాదాపు ఇలాగే ఉంటుంది, దాని సంగతి తర్వాత. న్యూట్రల్‌లో ఎక్కువసేపు రేజ్ చేయకండి, ఒక్కసారి చూస్తే చాలు.

మూడోది గుర్తుపట్టడం తేలిక. పది ఇరవై సెకన్ల పాటు బాగా లాగి, తర్వాత మెల్లగా ప్రాణం పోతున్నట్టు అవుతుంది. థ్రాటిల్ మూసి కాసేపు నెమ్మదిగా వెళ్తే మళ్లీ మామూలవుతుంది. అది కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె ఖాళీ అయిపోవడం. గిన్నె నిండేదాకా ఆగితే మళ్లీ బాగుంటుంది.

ఇక రెండో సంగతి ఇంకా విలువైనది. లోపం ఒక సిలిండరుదా, రెండింటిదా? ఒకటిన్నర సిలిండర్లతో కూడా ఈ బండి 80, 90 దాకా వెళ్లిపోతుంది, నడిపేవాళ్లకు తేడా తెలియదు. కిందన రెండు సిలిండర్లూ పేలుతూనే ఉంటాయి కాబట్టి శబ్దంలో కూడా దొరకదు. అందుకని, లోపం వస్తున్న చోటే ఒక కిలోమీటరు పట్టి నడిపి, క్లచ్ నొక్కి, అదే క్షణంలో ఇంజన్ ఆపేసి, బండిని పక్కకు తెచ్చి రెండు ప్లగ్గులూ విప్పండి. పక్కపక్కన పెట్టి చూడండి. రంగు విడిగా ఎలా ఉందన్నది తర్వాత. రెండూ ఒకేలా ఉన్నాయా లేదా అన్నదే ముందు ప్రశ్న.

రెండూ ఒకేలా ఉంటే లోపం రెండు సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్న చోట ఉంది: ట్యాంకు మూత, పెట్రోల్ ట్యాప్, బ్యాటరీ, అడ్వాన్సర్. ఒకటి బాగుండి ఇంకోటి తేడాగా ఉంటే లోపం ఆ వైపుకు మాత్రమే చెందిన చోట ఉంది: ఆ డయాఫ్రమ్, ఆ కాయిల్, ఆ కండెన్సర్ (పాయింట్ల దగ్గర మెరుపును అణిచేది), ఆ ప్లగ్ క్యాప్, ఆ టాపెట్లు (వాల్వుల సందు సరిచేసే చోట్లు). ఈ ఒక్క పోలికతో వెతకాల్సిన పని సగానికి పైగా తగ్గిపోతుంది. నా దగ్గరికి వచ్చే ఏ పాత ట్విన్ అయినా నేను మొదట చేసేది ఇదే. దీన్ని దాటేసి నేరుగా కార్బురేటర్ విప్పిన రోజుల్లో ఎన్నో సాయంత్రాలు వృథా చేసుకున్నాను.

రంగు చదవడంలో ఒక జాగ్రత్త. సీసం లేని ఈ కాలం పెట్రోలుతో పాత పుస్తకాల్లో చెప్పిన ఇటుక రంగు అంత స్పష్టంగా రాదు. కొత్త ప్లగ్గయితే కొన్ని కిలోమీటర్లకే రంగు పట్టదు కూడా. పింగాణీ కొస చూసి మోసపోకుండా, టార్చి వేసి లోపల, పింగాణీ లోహంలోకి దిగే చోట ఉండే వలయాన్ని చూడాలి. పూర్తి థ్రాటిల్‌లో మిశ్రమం ఎలా ఉందో చెప్పేది అదే.

డయాఫ్రమ్ మీద అనుమానం ఎందుకంటే

మీ బండిలో ఉన్నవి సీవీ రకం కార్బురేటర్లు. వీటిలో మీ చెయ్యి తిప్పేది బటర్‌ఫ్లైని, అంటే గాలి దారిలో తిరిగే చిన్న పలకను మాత్రమే. సూదిని పట్టుకుని పైకీ కిందికీ జారే స్లైడ్‌కు మీ కేబుల్‌తో సంబంధం లేదు. ఇంజన్ పీల్చే గాలి వేగం పెరిగేకొద్దీ స్లైడ్ కింద పీడనం తగ్గుతుంది, ఆ తగ్గుదల స్లైడ్‌లోని చిన్న రంధ్రం గుండా పైగదికి చేరుతుంది, డయాఫ్రమ్ కింద ఉన్న మామూలు గాలి దాన్ని పైకి నెడుతుంది. స్లైడ్ లేస్తుంది, దాంతో సూది లేస్తుంది, పెట్రోలుకు దారి తెరుచుకుంటుంది. ఇదంతా జరగాలంటే పైగది గాలి చొరకుండా ఉండాలి. డయాఫ్రమ్‌కు ఒక్క చిన్న చిల్లు పడినా పైగదిలోకి గాలి దూరిపోతుంది, స్లైడ్ సగంలోనే ఆగిపోతుంది.

ఇప్పుడు జెట్ సంగతి ఆలోచించండి. సూది దారికి అడ్డంగా ఉన్నంతసేపు కింద ఎంత పెద్ద జెట్ వేసినా పెట్రోలు పైకి రావాల్సింది ఆ ఇరుకు సందులోంచే. పూర్తి థ్రాటిల్‌లో ఉన్నామని మీరు అనుకుంటారు. కార్బురేటర్ మాత్రం సగం తెరిచినట్టే ఉంటుంది. అందుకే పెద్ద జెట్ వేసినవాళ్లకు పైన ఏమీ రాదు.

మీరు స్ప్రేతో కడిగానన్నారు. కడిగేటప్పుడు డయాఫ్రమ్‌లు బయటికి తీశారా? తీయకపోతే నా అనుమానం ఇంకా పెరుగుతుంది. క్లీనర్ స్ప్రేలోని ద్రావకాలు ఆ పల్చటి రబ్బరును ఉబ్బిస్తాయి. ఉబ్బిన డయాఫ్రమ్ తన గాడిలో కూర్చోదు, మూత బిగించేటప్పుడు అంచు నలిగి అక్కడే గాలి దూరుతుంది. ఉబ్బింది మాత్రమే అయితే కంగారు పడక్కర్లేదు. ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిస్తే చాలాసార్లు మళ్లీ తన కొలతకు వచ్చేస్తుంది. ఎండలో మాత్రం పెట్టకండి.

పరీక్ష చాలా తేలిక. ఎయిర్ ఫిల్టర్ తీసి, వేలితో స్లైడ్‌ను పైదాకా ఎత్తి వదలండి. మెత్తగా, గాలి పట్టి ఆపుతున్నట్టు నెమ్మదిగా దిగి, చివర్లో టక్కుమని కూర్చోవాలి. రెండో వైపు కూడా చేయండి. రెండూ ఇంచుమించు ఒకే వేగంతో దిగాలి. ఒకటి రాయి పడ్డట్టు పడిపోతే మీకు జవాబు దొరికేసినట్టే. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే కార్బురేటర్ చేతిలోకి తీసుకుని, స్లైడ్‌ను పైకెత్తి, దాని అడుగున ఉన్న రంధ్రాన్ని వేలితో మూసి పట్టుకోండి. డయాఫ్రమ్ బాగుంటే స్లైడ్ దాదాపు అక్కడే నిలబడిపోతుంది.

డయాఫ్రమ్‌ను చీకటి గదిలో టార్చి ముందు పెట్టి, మడతలను కొద్దిగా సాగదీస్తూ చూడండి. చిల్లులు ఎక్కువగా మడత పడే చోటే పడతాయి, మామూలు వెలుతురులో కనబడవు. నేను చూసిన ఒక సీఎల్350లో (ఇదే ఇంజనున్న మరో హోండా మోడల్) ఎడమవైపు సూదిమొనంత చిల్లు ఒక్కటే. దాని యజమాని అప్పటికే జెట్ మూడు సైజులు పెంచేశారు. మధ్యలో నల్లటి పొగ, ప్లగ్గులు మసి, పైన మాత్రం 6,500 దాటదు. కొత్త డయాఫ్రమ్ వేసి, పాత జెట్లు తిరిగి పెట్టాక అదే బండి 9,000 దాకా ఏ తడబాటూ లేకుండా వెళ్లింది. ఆ చిల్లును ఏదైనా జిగురుతో పూడ్చొచ్చా అని చాలామంది అడుగుతారు. పూడ్చిన చోట రబ్బరు గట్టిపడి స్లైడ్ కదలిక మందగిస్తుంది, పెట్రోలు తగిలి కొన్నాళ్లకు ఊడిపోతుంది. ఇంటికి చేరడానికి పనికొస్తుందేమో గానీ, దాన్ని నమ్ముకుని సెట్టింగ్ చేయకూడదు. స్లైడ్ పట్టేస్తోందని దాన్ని ఎమరీ పేపరుతో రుద్దేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఒకసారి రుద్దితే ఆ సందు మళ్లీ తగ్గదు.

కిట్ జెట్ల సంగతి ఇక్కడే చెప్పాలి. ఈ కార్బురేటర్‌లో ఫ్లోట్ గిన్నె విప్పితే ప్రైమరీ, సెకండరీ అని రెండు మెయిన్ జెట్లు కనిపిస్తాయి. నంబరు చిన్నది ప్రైమరీ, పెద్దది సెకండరీ. ఇవి తారుమారైతే బండి స్టార్టవుతుంది, నడుస్తుంది, పైన మాత్రం ప్రాణం ఉండదు. రెండుసార్లు విప్పి బిగించారు కాబట్టి ఒకసారి చూసుకోండి. వాటికి ఉండే చిన్న ఓ-రింగులు గట్టిపడితే పక్కనుంచి పెట్రోలు కారి లెక్క తప్పుతుంది. ఇక కిట్లలో వచ్చే జెట్లు: పైన ఒకే నంబరు కొట్టి ఉన్నా లోపలి రంధ్రం, సూది వాలు ఫ్యాక్టరీవాటితో సరిపోతాయన్న భరోసా లేదు. నేను కిట్ నుంచి గాస్కెట్లు, ఓ-రింగులు మాత్రమే వాడతాను. ఇత్తడి సామాను, అది మరీ పాడైతే తప్ప, పాతదే శుభ్రం చేసి వేస్తాను. మీ బండికి ఫ్యాక్టరీ నంబరు ఎంతో తెలుసుకోవాలంటే కార్బురేటర్ బాడీ మీద కొట్టిన గుర్తును మాన్యువల్‌తో పోల్చండి. ఏడాదికీ మోడల్‌కూ మారుతూ వచ్చింది కాబట్టి నేను ఒక అంకె చెప్పడం సరికాదు.

ఇగ్నిషన్: ఐడిలింగ్ బాగుందంటే టైమింగ్ బాగున్నట్టు కాదు

పెట్రోలు మండడానికి పట్టే సమయం ఆర్‌పీఎం పెరిగినంత వేగంగా తగ్గదు. పిస్టన్ మాత్రం వేగంగా పైకి వచ్చేస్తుంది. అందుకని వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ఇంకా ముందు పడాలి. ఆ పని చేసేది అడ్వాన్సర్. రెండు చిన్న బరువులు స్ప్రింగులను లాగుతూ బయటికి విచ్చుకుని పాయింట్ల క్యామ్‌ను కొద్దిగా తిప్పుతాయి. రెండేళ్లు నిలబడిన బండిలో ఆ కుదురు మీద గ్రీజు ఎండి బంకలా పట్టేస్తుంది. బరువులు విచ్చుకోవు. స్పార్క్ ఐడిలింగ్ చోటే ఉండిపోతుంది. అప్పుడు స్టార్టింగ్ బ్రహ్మాండం, ఐడిలింగ్ బ్రహ్మాండం, పైకి వెళ్తే మాత్రం బలం లేదు, ఇంజన్ మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది. మీరు రాసిన లక్షణాల్లో సగం దీనికి కూడా సరిపోతాయి, గమనించారా?

టైమింగ్ లైట్ లేకుండా దీన్ని తేల్చడం కష్టం, అరువు తెచ్చుకోనైనా ఒకటి సంపాదించండి. ఎడమవైపు ఆల్టర్నేటర్ మూత తీస్తే రోటర్ మీద గుర్తులుంటాయి. కుడి సిలిండరుకు ఎఫ్, ఎడమదానికి ఎల్ఎఫ్. ఐడిలింగ్‌లో ఆ గుర్తు సూచిక ఎదురుగా నిలబడాలి. రేజ్ చేస్తే గుర్తు జరిగిపోయి, దాని పక్కనున్న రెండు సమాంతర గీతల దగ్గరికి వెలుగు చేరాలి, థ్రాటిల్ వదలగానే వెంటనే వెనక్కి రావాలి. అసలు కదలకపోతే అడ్వాన్సర్ పట్టేసింది. కదిలి తిరిగి రాకపోతే స్ప్రింగు సాగిపోయింది. నిలకడ లేకుండా వణుకుతుంటే పాయింట్ల ప్లేటు వదులుగా ఉందా, కుదురు అరిగిందా చూడాలి. రెండు సిలిండర్లకూ విడివిడిగా చూడండి. పాయింట్లు రెండు సెట్లు కాబట్టి ఒకటి కరెక్టుగా ఉండి ఇంకోటి తప్పడం మామూలే. విప్పేముందు క్యామ్ ఏ వైపు తిరిగి ఉందో గుర్తు పెట్టుకోవడం మరవకండి.

పాయింట్ల గ్యాప్ 0.3 నుంచి 0.4 మి.మీ. మధ్య ఉండాలి. ముందు గ్యాప్, తర్వాత టైమింగ్. తిరగేసి చేస్తే గ్యాప్ సరిచేయగానే టైమింగ్ మళ్లీ తప్పుతుంది. 10,500 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో పాయింటు సెకనుకు సుమారు 87 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. పాయింట్ల స్ప్రింగు నీరసపడితే అంత వేగంలో సరిగ్గా మూసుకోవు, కాయిల్ నిండడానికి సమయం చాలదు. కిందన బాగుండి పైన మిస్సింగ్ కొట్టడానికి ఇదో కారణం. చీకట్లో చూస్తే పాయింట్ల దగ్గర పెద్దగా తెల్లటి మెరుపులు కనిపిస్తున్నాయా? కండెన్సర్ మార్చేయండి.

ప్లగ్ క్యాప్‌లు చాలామంది మరిచిపోతారు. మల్టీమీటర్ పెట్టి కొలవండి. 5 కిలో ఓమ్‌ల క్యాప్ పాతబడితే కొన్ని పదుల కిలో ఓమ్‌లు చూపిస్తుంది, కొన్నిసార్లు అసలు రీడింగే రాదు. అయినా తక్కువ బరువు మీద స్పార్క్ దూకేస్తూనే ఉంటుంది, సిలిండరులో ఒత్తిడి పెరిగినప్పుడే దూకలేకపోతుంది. ప్లగ్గు బీ8ఈఎస్ రకం, గ్యాప్ 0.7 మి.మీ. ఉంటే చాలు.

ఒక బండి నాకు బాగా గుర్తుంది. పైన మిస్సింగ్, హెడ్‌లైట్ వేస్తే ఇంకా ఎక్కువ. నేను కాయిల్స్ మార్చాను, కండెన్సర్లు మార్చాను, కార్బురేటర్లు నాలుగుసార్లు విప్పాను. చివరికి బ్యాటరీ దగ్గర వోల్టేజీ, కాయిల్ దగ్గర వోల్టేజీ విడివిడిగా కొలిస్తే మధ్యలో ఒకటిన్నర వోల్టు పోతోంది. కిల్ స్విచ్ లోపలి రాగి బిళ్లలు పచ్చగా చిలుము పట్టాయి. శుభ్రం చేయడానికి పావుగంట పట్టింది. అప్పటి నుంచి ఆ రెండు కొలతలూ తీయకుండా నేను ఇగ్నిషన్‌లో ఏ భాగమూ మార్చను. ఇంజన్ నడుస్తుండగా అర వోల్టు కంటే ఎక్కువ పోతుంటే ఇగ్నిషన్ స్విచ్, కిల్ స్విచ్, ఫ్యూజు, ఎర్త్ వైరు వరసగా చూడండి. మీరు మాత్రం ముందు హెడ్‌లైట్ ఆపి ఒకసారి పగటిపూట నడిపి చూడండి. తేడా కనిపిస్తే దారి ఇటే.

పెట్రోలు ధార

లెక్క వేసుకుందాం. గంటకు 140 కి.మీ. వేగంతో, లీటరుకు 12 కి.మీ. ఇస్తుందనుకుంటే, గంటకు దాదాపు 12 లీటర్లు, అంటే నిమిషానికి 200 మి.లీ. ఇంజనుకు కావాలి. పైపులు ఊడదీసి, కొలతలున్న సీసాలో పట్టి చూడండి. రెండు పైపులూ కలిపి దానికి రెండింతలైనా రావాలి, ఒక్కోదాని ధారా ఇంచుమించు సమానంగా ఉండాలి. ట్యాంకు మూత బిగించి ఉంచే కొలవండి, రెండు మూడు నిమిషాలు ఆగకుండా. మూత తెరిచి కొలిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందో లేదో తెలియదు. మొదటి అర నిమిషం ధార బాగుండి, ఆ తర్వాత సన్నబడి చుక్కలు చుక్కలుగా మారితే రంధ్రం మూసుకుపోయింది. అప్పుడు మూత తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పోతుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, నిప్పు దగ్గర్లో ఉన్న చోట ఈ పని చేయకండి.

నిలబడిన ట్యాంకులో తుప్పు చాలాసార్లు ఉంటుంది. పెట్రోల్ ట్యాప్ లోపలి జల్లెడ, కింది గిన్నె తీసి చూడండి. తుప్పుకు భయపడి మధ్యలో ఫిల్టర్లు పెడుతుంటారు. ఈ బండికి పంపు లేదు, పెట్రోలు తన బరువుతోనే దిగాలి. ఒత్తిడి మీద పనిచేసే బండ్ల కోసం చేసిన బిగుతు ఫిల్టర్ పెడితే ధార సగమవుతుంది. పైపు మడత పడినా అంతే.

మిగతావి త్వరగా చెబుతాను. సైలెన్సర్లలో, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఏదైనా కాపురం పెట్టిందేమో చూడండి. రెండేళ్లు నిలబడిన బండిలో ఇది నవ్వులాట కాదు. నేను కందిరీగల మట్టిగూడును సైలెన్సర్ లోంచి, ఎలుక చేర్చిన దూదిని ఫిల్టర్ డబ్బాలోంచి తీశాను. ఇంజన్ నడుస్తుండగా రెండు పైపుల చివరా అరచెయ్యి కాస్త దూరంగా పెడితే గాలి విసురు సమానంగా ఉందో లేదో తెలుస్తుంది. ఒరిజినల్ ఫిల్టర్ డబ్బా తీసేసి చిన్న గుండ్రటి ఫిల్టర్లు పెట్టి ఉంటే అది వేరే కథ. సీవీ కార్బురేటర్‌కు నిలకడగా వచ్చే గాలి కావాలి, ఆ డబ్బా ఆ పని చేస్తుంది. దాన్ని తిరిగి పెట్టడమే నా సలహా.

టాపెట్ల సందు చల్లటి ఇంజన్ మీద ఇన్లెట్‌కు 0.05 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 0.10 మి.మీ. ఉండాలి. బిగుతుగా ఉంటే వాల్వు పూర్తిగా కూర్చోదు, కాలిపోతుంది. కంప్రెషన్ కొలిచేటప్పుడు ఒక చిన్న కిటుకు: థ్రాటిల్ పూర్తిగా తిప్పినా సీవీ స్లైడ్ కిందే ఉండిపోతుంది కాబట్టి రీడింగ్ తక్కువ రావచ్చు. కార్బురేటర్లు తీసేసి కొలవండి, లేదా స్లైడ్‌లను ఎత్తి పట్టండి. అంకె కంటే రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఈ మధ్య ఎవరైనా హెడ్ విప్పి క్యామ్ చైన్ వేసి ఉంటే, ఒక పన్ను తప్పిందేమో చూడాలి. ఆర్‌పీఎం పెరుగుతూ వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది, కానీ మీది అది కాదు. సెంటర్ స్టాండ్ మీద వెనక చక్రం తేలిగ్గా తిరుగుతోందో లేదో మాత్రం చూడండి. పాత డ్రమ్ బ్రేకులు పట్టేసి కూడా కొంత బలం తినేస్తాయి.

మరి జెట్ ఎప్పుడు మార్చాలి?

పైవన్నీ బాగున్నాయని తేలి, బండి 8,000 దాటుతూ, పూర్తి థ్రాటిల్‌లో మాత్రమే కొంచెం నీరసంగా ఉంటే అప్పుడు. పూర్తి థ్రాటిల్‌లో ఉండగా కొద్దిగా వెనక్కి తిప్పండి. ఆ క్షణంలో బండి ముందుకు ఊపందుకుంటే మిశ్రమం పలచగా (పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువగా) ఉందని అర్థం. లేదా లోపం వస్తున్న చోట చోక్ కొంచెం లాగి చూడండి. మెరుగైతే పలచన, ఇంకా చచ్చిపోతే చిక్కన. అప్పుడు కూడా ఒక్కో సైజే మార్చి, మార్చిన ప్రతిసారీ ప్లగ్గు చూడాలి.

మిశ్రమం పలచగా ఉందని అనుమానం ఉంటే పూర్తి థ్రాటిల్‌లో ఎక్కువసేపు నడపకండి. చాలా ఏళ్ల కిందట ఒక బండిలో సగం మూసుకున్న పెట్రోల్ ట్యాప్‌ను నేను గమనించలేదు. పైన కాస్త తడబడుతోంది, ఇంకో రెండు కిలోమీటర్లు చూద్దామని అలాగే పట్టి నడిపాను. ఇంటికొచ్చి విప్పితే పిస్టన్ తల మధ్యలో బొటనవేలు పట్టేంత చిల్లు. ఆ బండి నాది కాదు, నమ్మి ఇచ్చినవాళ్లది. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకొకటి, 6,000 దాటించే ప్రయత్నానికి ముందు టైర్లు చూడండి. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. రబ్బరు పగుళ్లు పట్టి ఉంటే వేగం పరీక్షలు వాయిదా వేసి ముందు టైర్లు మార్చండి.

ఈ వారాంతం ముందుగా స్లైడ్‌లు వేలితో ఎత్తి వదిలి చూడండి, దానికి ఐదు నిమిషాలు చాలు. రెండో గేరులో మెల్లగా తిప్పితే 6,000 దాటుతోందా, రెండు ప్లగ్గులూ ఒకేలా ఉన్నాయా, ఫిల్టర్ డబ్బా ఒరిజినలేనా, ఈ మూడూ రాయండి. అవి తెలిస్తే ఎటు వెళ్లాలో ఇంకా కచ్చితంగా చెప్పగలను.